బయటికెల్లాల

జానకిరామ్‌కి జాలి ఎక్కువ. ఎంత ఎక్కువంటే, అది ఒంట్లో పట్టక ఫ్లెక్సీల మీదికి పొంగింది. పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో అతని నాలుగంతస్తుల బట్టల షాపింగ్ మాల్ ముందు ఇరవై అడుగుల ఎత్తున అతనే నిలబడి, ఒక ముసలాయన చేతిలో నీళ్ళ సీసా పెడుతుంటాడు. ముసలాయన తల ఫొటోలో సగమే పడింది. జానకిరామ్ మాత్రం నెత్తిమీది నల్లరంగు నుంచి కాలి బూట్ల దాకా పూర్తిగా పడ్డాడు. కింద ఎర్రక్షరాలు: 'ఉద్దానం కిడ్నీ బాధితుల సేవలో మీ జానకిరామ్.' ఆ పంచే సీసాల మీద కూడా అతని బొమ్మే. దాహమేసినవాడు దాత మొహం పట్టుకుని తాగాలన్నమాట.

ఆ గురువారం పొద్దున్న పదిన్నరకి ఆ ఫ్లెక్సీ కిందనుంచే పెద్దతల్లి అనే ఆవిడ మాల్ లోపలికి నడిచింది. మందస దాటాక సముద్రం వైపున్న ఉద్దానం ఊరు ఆమెది. కొబ్బరితోట, కాస్త జీడితోట, యాభై రెండేళ్ళ వయసు, కిడ్నీ పరీక్షలో ఒకటి దాటకూడని చోట మూడు పాయింట్ రెండు క్రియేటినిన్. ఈ చివరిది ఆమెకీ, ఆమె పెద్దకోడలు ప్రమోదినికీ, పలాసలో చూసే డాక్టరుకీ, ఇంట్లో మగవాళ్ళకీ తెలుసు. తెలియకూడని మనిషి ఆ రోజు పక్కనే నడుస్తోంది. ఆమె పేరు మంగమ్మ. టెక్కలి అవతల వరిపొలాల వాళ్ళు. పెద్దతల్లి చిన్నకొడుకు కామేశ్‌కి తన కూతుర్ని ఇవ్వబోతోంది.

ఉద్దానం అన్న మాట వినగానే పిల్లనిచ్చేవాళ్ళు కాఫీ గ్లాసు సగంలో పెట్టి లేచిపోయే రోజులివి. కామేశ్‌కి అలా మూడు సంబంధాలు లేచిపోయాయి. నాలుగోదానికి మంగమ్మ వచ్చి, కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు కిందపెట్టి, "ఇంట్లో ఎవులికైనా ఆ జబ్బున్నాదేటి?" అని మొహమ్మీదే అడిగింది. పెద్దతల్లి రెప్ప కొట్టకుండా, "నాకు కొంచెం సుగరొదినా. అంతే" అంది. సంబంధం కుదిరింది. ఆ అబద్ధం ఇప్పటికి నాలుగు నెలలుగా ఆమె నడుం చుట్టూ కొంగులా బిగిసి ఉంది.

దాన్ని విప్పేది నీళ్ళ మాత్ర. ఒంట్లో చేరిన నీరంతా బయటికి తోడే మాత్ర అది. వేసుకున్నాక ఐదారు గంటలపాటు మనిషి ఇంటి దగ్గర ఉండాలి. నిశ్చితార్థం రోజున నలుగురిలో ఎక్కడ ఇబ్బంది పడాలోనని పెద్దతల్లి ఆ మాత్ర మానేసింది. రెండు రోజుల్లో కాళ్ళు మొద్దుల్లా ఊరి, పడుకుంటే ఊపిరాడక గోడకి చేరబడి కూర్చుంది. డాక్టరు ఆమెని వదిలేసి ప్రమోదినిని తిట్టాడు. డిగ్రీ చదివిన పిల్లవి, నీకు తెలియక్కర్లేదా అని. అందుకని ఇవాళ పొద్దున్న ఏడింటికి ప్రమోదిని గ్లాసుతో ఎదురుగా నిలబడి, మాత్ర గొంతు దిగేదాకా కదల్లేదు.

"పెల్లిబట్టలు కొండానికెల్తూ ఈ మాత్రేటే?" అని గొణిగింది అత్త.

"మల్లీ గోడకి చేరబడి కూకుంతావేటి?" అంది కోడలు.

ఇంటి దగ్గర రెండుసార్లు, మందసలో బస్సు ఎక్కేముందు చుట్టాలింట్లో ఒకసారి అయింది. పలాసలో దిగేసరికి కొంత ధైర్యం వచ్చింది. నాలుగంతస్తుల మేడ కదా, నాలుగింటిలో ఒక్కచోటైనా ఉండకపోతుందా అనుకుంది. మేడల గురించి ఆమెకి అంతకన్నా తెలియదు.

పట్టుచీరలు మూడో అంతస్తులో. కాళ్ళు బారజాపుకుని కూర్చోవడానికి తెల్లదుప్పటి పరిచిన పరుపులు. సేల్స్‌గర్ల్ బేబి ఒక్కో చీరా విప్పి అల విసిరినట్టు పరుస్తోంది. సుమ్మాదేవి ఊరి పిల్ల, ఎనిమిది నెలలుగా ఇక్కడ పని. మంగమ్మకి ఒక పట్టింపు ఉంది. పెళ్ళికూతురి మొదటి చీర పెళ్ళికొడుకు తల్లి చేత్తో తీయాలి, అంచు దగ్గర్నుంచి రంగు దాకా తేలి, దానికి పసుపు పెట్టేదాకా ఆమె కూర్చున్న చోటునుంచి లేవకూడదు. మధ్యలో లేస్తే కాపురంలో నిలకడ ఉండదట. పెద్దతల్లి పదకొండింటికి ఒక ఎర్రచీర తీసింది. మంగమ్మ అంచు వెడల్పు చాలదంది. వెడల్పు అంచు తెస్తే రంగు కొంచెం మట్టిగా ఉందంది. రంగు బాగుంటే బుటాలు గుడ్డిగా ఉన్నాయంది. పదకొండున్నర దాటింది. తెల్లదుప్పటి మీద పెద్దతల్లి రెండు మోకాళ్ళూ దగ్గరికి చేర్చి, చీర కుచ్చిళ్ళ మీద పిడికిలి నొక్కిపెట్టుకుని, ఏ చీర చూపించినా "బాగుందొదినా, బాగుంది" అంటోంది.

చివరికి పట్టింపు తప్పినా ఫరవాలేదని లేచింది. పక్కనే చేతులు కట్టుకుని తిరుగుతున్న మేనేజరు దగ్గరికి నడిచింది. అతని పేరు శరత్ చంద్ర. విశాఖపట్నంనుంచి వచ్చాడు. మెడలో టై, దాన్ని పట్టి ఉంచే పిన్ను, ఆ పిన్ను పట్టి ఉంచే గర్వం.

"బాబూ," అంది గొంతు తగ్గించి, "నాను బయటికెల్లాల."

ఆ ఊళ్ళలో ఆ మాటకి అర్థం ఒకటే. ఇళ్ళలో మరుగుదొడ్లు లేని రోజుల్లో జీడితోటల్లోకి పోయేటప్పుడు పుట్టిన మాట. ఇప్పుడు టైల్సు వేసిన గది ఇంట్లోనే ఉన్నా, తలుపు వేసుకుని లోపలికే వెళుతున్నా, 'బయటికే' వెళతారు. శరత్ చంద్రకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అతనికి కనిపించిందల్లా ఒక పెళ్ళి మొత్తం, పాతిక పట్టుచీరలతో సహా, లేచి గుమ్మం వైపు నడుస్తున్న దృశ్యం.

"అయ్యో, ఎందుకమ్మా బయటికి? ఇక్కడ ఏం తక్కువైంది?"

"తక్కువేటి నాయినా, ఎక్కువైపోనాది. బేగి ఎల్లాల."

"ఎక్కువైందా? తగ్గిద్దామమ్మా. టెన్ పర్సెంట్ ఇప్పుడే తీసేస్తాను."

"పెర్సెంటు కాదు బాబూ. ఆగనేను."

"ఫిఫ్టీన్. మా సార్‌తో నేను మాట్లాడుకుంటాను."

"ఒక్కపాలి ఎల్లొచ్చెత్తాను, దారెటో సూపించు."

"వెళ్ళినవాళ్ళు రారమ్మా," అన్నాడు శరత్ చంద్ర, లోకం చూసినవాడిలా. "ట్వెంటీ. ఇంతకన్నా ఆ ఎదుటి షాపువాడు కూడా ఇవ్వడు."

"ఎదర కొట్టోడు ఇత్తాడేటి?" అంది పెద్దతల్లి, కళ్ళలో ఆశ మెరిసి.

"ఇవ్వడమ్మా! మేమే ఇస్తాం!"

"మరియ్యి బాబూ, నీకు పున్నెం ఉంటాది!"

బేబి చీర మడత నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోలేక దగ్గి, ఇక లాభం లేదని లేచి వచ్చింది. "సార్, ఆయమ్మ కొట్లోంచి ఎల్లిపోతాననడం నేదు. బాత్రూముకెల్తానంతంది."

శరత్ చంద్ర చిరునవ్వు షట్టరు దించినట్టు దిగిపోయింది. ఇరవై శాతం ఎటు పోయిందో తెలియలేదు.

"రెస్ట్‌రూమా? కస్టమర్లకి లేదమ్మా. స్టాఫ్ ఓన్లీ."

బేబి నేల చూసింది. స్టాఫ్‌లో చేరి ఎనిమిది నెలలైనా ఆ తలుపు లోపలివైపు ఏ రంగో ఆ పిల్లకి తెలియదు. తాళం జానకిరామ్ జేబులో ఉంటుంది. ఆడపిల్లలు మధ్యాహ్నం అన్నం టైములో రెండు వీధులు నడిచి ఎవరో చుట్టాలింటికి పోయి వస్తారు. పొద్దున్నుంచి గొంతు తడుపుకోకుండా పనిచేయడం వాళ్ళకి అలవాటైపోయింది.

పరుపు మీదనుంచి మంగమ్మ కేక వేసింది. "ఏటొదినా, ఏటయినాది? లెగిసిపోనారేటి?"

"ఏటీ నేదొదినా. గాలాడ్డం నేదు. మీరు సూత్తుండండి."

ఈలోగా ప్రమోదిని వచ్చింది. అత్త మొహం చూసింది, సంగతి అర్థమైంది. మేనేజరుని పక్కకి పిలిచి, "నాలుగంతస్తులు కట్టారు, వచ్చినవాళ్ళకి ఒక్కటి కట్టలేకపోయారా?" అని అడిగింది. చదువుకున్నవాళ్ళతో ఆమె చదువుకున్న భాషే మాట్లాడుతుంది, మొదట్లో.

"పాలసీ మేడమ్. పక్కనే పట్టుచీరల సెక్షన్. ఒకరికిస్తే అందరూ అడుగుతారు."

"అందరికీ వస్తుంది కాబట్టి అడుగుతారు."

"కింద రోడ్డెక్కి రైట్‌కి పోతే, బస్టాండ్ ఉంది కదా మేడమ్."

"ఆవిడ కిందికి దిగే స్థితిలోనే లేదు. బస్టాండు దాకా ఎలా వెళ్తుందండీ?"

శరత్ చంద్ర టై సర్దుకున్నాడు. అతని దగ్గర ఒక దయ ఉంది. దాన్ని ఎప్పుడు బయటికి తీయాలో తెలియక ఇంతసేపూ దాచుకున్నాడు. "మెడికల్ కండిషన్ ఉన్నవాళ్ళకి మాత్రం మా సార్ ఎక్సెప్షన్ పెట్టారు. బెంగుళూరులో ఏదో మాల్లో చూసి వచ్చారు. ప్రూఫ్ ఉంటే చూపించండి."

"షుగర్ ఉంది."

"షుగర్ ఎవరికి లేదు మేడమ్? మా సార్‌కీ ఉంది. అలాంటివి కాకుండా, ఏదైనా పెద్దది."

పెద్ద జబ్బులకి మాత్రమే తెరుచుకునే తలుపు. చిన్న జబ్బులవాళ్ళు పెద్దవి తెచ్చుకుని రావాలి.

ప్రమోదిని భుజాన ఉన్న సంచిలో ప్లాస్టిక్ కవరుంది. అందులో రెండేళ్ళ రిపోర్టులు. ఆమె చెయ్యి సంచిలోకి వెళ్ళడం చూసి పెద్దతల్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"తియ్యకు."

"అత్తా, ఎల్లలేవు. నీ మొకం సూడు."

"పేనం పోయినా తియ్యకు. పదడుగుల్లో ఉన్నాది ఆవిడ. ఇంటే సంబందం పోద్ది. నాలుగోది పోనాదంటే ఈడికి ఇంకెవులిత్తారు పిల్లని?"

అంటూనే ఆమె పక్కనున్న స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుంది. నుదుటి మీద చెమట. కళ్ళు మూసుకుని, లోపల ఎక్కడో ఒక ముడి ఊడిపోకుండా పట్టుకుని నిలబడ్డ మనిషిలా ఉంది. ఎదురుగా తెల్లదుప్పట్లు పరిచిన పరుపులు. వాటి మీద వియ్యపురాలు. ఇంకో ఐదు నిమిషాలాగితే దాచిన జబ్బు తనంతట తనే అందరికీ కనిపించేలా ఉంది.

ప్రమోదిని ఇక అత్తని అడగలేదు. జాకెట్టు ముక్కల రాక్ వెనక్కి మేనేజరుని తీసుకెళ్ళి కాగితం చూపించింది. "మీ సార్‌కి మెల్లగా చెప్పండి. ఆ పరుపు మీదున్నావిడకి తెలియకూడదు. మా మరిది పెళ్ళి దీనిమీదే ఉంది. అర్థమైందా?"

"ష్యూర్ మేడమ్. కాన్ఫిడెన్షియల్," అన్నాడు శరత్ చంద్ర. కాగితం మీది అంకె చూడగానే అతని మొహం వెలిగింది. వెంటనే ఫోను తీశాడు.

రెండు నిమిషాల్లో లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఫ్లెక్సీలోంచి దిగొచ్చినట్టు జానకిరామ్ దిగాడు, అదే చొక్కా. మైకుల ముందు సాధన చేసిన గొంతు. దానికి మెల్లగా అనే మెట్టు లేదు.

"ఎవరండీ, కిడ్నీ పేషెంటు ఎవరు?"

మూడో అంతస్తు మొత్తం చీరలు చూడడం మానేసింది.

"ఏదీ, ఆ తల్లి ఏదీ? మీరేనా అమ్మా? ఏ ఊరు? పాయింట్లు ఎంత? త్రీ పాయింట్ టూ అన్నాడు మావాడు. అయ్యయ్యో! మన క్యాంపుకి వచ్చారా? రాలేదా? శరత్, ముందు అమ్మకి వాటర్ బాటిల్ ఇవ్వు."

నిండిన కుండకి నీళ్ళు. పెద్దతల్లి చేతిలో సీసా పెట్టారు. ఆమె దాన్ని చూడలేదు. జానకిరామ్‌నీ చూడలేదు. పరుపు మీద మంగమ్మ చేతిలో చీర అంచు అలాగే ఆగిపోయి ఉంది. ఆమె అటే చూస్తోంది.

"మీలాంటి వాళ్ళకోసమే అమ్మా, మన మాల్లో రెస్ట్‌రూమ్ సౌకర్యం. జిల్లాలోనే ఏ షాపులోనూ లేదు. మీరే ఫస్ట్!" జానకిరామ్ జేబులోంచి తాళంచెవి తీశాడు. అరచేయంత ప్లాస్టిక్ బిళ్ళ తగిలించి ఉంది. దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకున్నాడు. "శరత్, ఫోన్ తియ్యి. అమ్మా, చెయ్యి ఇలా చాపండి. తాళం మీద పెట్టండి. నా వైపు కాదు, కెమెరా వైపు. కొంచెం దిగులుగా... ఆ, అలాగే, సూపర్! ఇంకోటి. ఇప్పుడు సంతోషంగా. సౌకర్యం దొరికింది కదా, నవ్వాలి."

బాధ ఒకటి, ఆనందం ఒకటి. పక్కపక్కన పెట్టి వాట్సాప్‌లో వదిలితే సేవ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. పెద్దతల్లి ఒక కాలు ఇంకో కాలికి మెలిపెట్టి వంగిపోయింది. తాళంచెవి చాపిన చేతికి అరడుగు దూరంలో, వెలుతురు బాగా పడేచోట ఆగి ఉంది.

"నవ్వండమ్మా, ఒక్క సెకను."

మంగమ్మ చీరని పరుపు మీద పడేసి లేచింది. బలమైన మనిషి. వరికోతల్లో పదిమంది కూలీలని ఒక్క కేకతో కదిలించే మనిషి. తిన్నగా పెద్దతల్లి ఎదుటికి వచ్చి నిలబడింది.

"దాసీసినావన్నమాట," అంది. అప్పటిదాకా మీరు మీరు అన్న నోరు.

పెద్దతల్లి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సరే. అది నువ్వూ నానూ తరవాత తేల్సుకుందుం." మంగమ్మ జానకిరామ్ వైపు తిరిగింది. "ఇదిగో బాబూ, అది తాలమా, మెడలో ఏసే పతకమా? ఇలాగియ్యి."

"ఒక్క స్నాప్ అమ్మా, అయిపోయింది. ఇది అవేర్‌నెస్ కోసం..."

"ఆయమ్మ కాల్లంట కారితేగాని నీకు అయిపోనేదా? ముసిలిదాని మూత్రం మీద కూడా పొటో దిగాలేటిరా, సిగ్గు నేనోడా!"

తాళంచెవి ఎప్పుడు తన చేతిలోంచి ఊడిందో జానకిరామ్‌కి తెలియలేదు. ఖాళీ వేళ్ళు రెండూ గాలిలో అలాగే ఉన్నాయి. శరత్ చంద్ర అలవాటు కొద్దీ దాన్ని కూడా ఫొటో తీశాడు.

తలుపు తీస్తే లోపల గది కాదు, గోడౌను. జానకిరామ్ బొమ్మ ఉన్న నీళ్ళ సీసాల పెట్టెలు నేలనుంచి నడుం ఎత్తు దాకా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. ఆ సందు చివర కమోడు. సేవకి అడ్డం పడుతుందని జనాన్ని రానివ్వలేదో, జనం రాకుండా ఉండడానికి సేవని పేర్చాడో తెలియదు. మంగమ్మ ముందున్న పెట్టెలు రెండు పట్టుకుని బయటికి దొర్లించింది. పెద్దతల్లిని భుజం కింద పట్టి లోపలికి పంపింది. తలుపు వేయబోతే మిగిలిన పెట్టెలు అడ్డొచ్చాయి. సగం కన్నా మూసుకోలేదు.

"ఒలే పిల్లా, ఏదోటి తే! అడ్డం పట్టాల!"

బేబి చేతిలో ఆకుపచ్చ కంచిపట్టుచీర ఉంది. ఆ పిల్ల ఒక్క క్షణం మేనేజరుని చూసింది. చీర ఒక్క విసురున విప్పి ఒక కొస తను పట్టుకుంది, రెండో కొస ప్రమోదిని అందుకుంది. గుమ్మానికి అడ్డంగా జరీ అంచు నిలబడింది.

"మేడమ్! అది ప్యూర్ కంచి!" అన్నాడు శరత్ చంద్ర.

"అలాగా?" అంది మంగమ్మ. "అయితే మరీ మంచిది. మీ గుమ్మానికి ఇన్నాల్లకి మానం దక్కినాది."

లోపలినుంచి చప్పుడు వచ్చింది. చాలాసేపు వచ్చింది. మూడో అంతస్తులో అందరూ విన్నారు. ఎవరూ నవ్వలేదు. జానకిరామ్ ఒక్కడే మొహం చిట్లించుకుని పక్కకి తిరిగాడు. ఫ్లెక్సీల్లో చప్పుళ్ళుండవు కదా.

"ఒదినా," అని లోపలినుంచి సన్నని గొంతు. "కొలాయిలో నీల్లు నేవు."

మంగమ్మ బయటికి దొర్లించిన పెట్టె అట్టని గోళ్ళతో చించింది. సీసాలు ఒక్కొక్కటీ మూత తిప్పి పట్టు తెర కిందనుంచి అందించింది. ఒకటి, రెండు, మూడు. ప్రతి సీసా మీదా జానకిరామ్ నవ్వుతూ లోపలికి వెళ్ళాడు. ఆరు సీసాలు పట్టాయి.

"అమ్మా, అవి తాగే నీళ్ళు," అన్నాడు అతను బలహీనంగా.

"కిడ్నీ బాధితుల కోసమే కదండీ," అంది ప్రమోదిని. "బాధితురాలే వాడుతోంది."

పెద్దతల్లి బయటికి వచ్చింది. పూర్తిగా ఆగలేదు, లోపలి లంగా కొంత తడిసింది. ఆ తడి పైకి కనిపించకుండా కుచ్చిళ్ళు ముందుకి లాక్కుని, మెట్ల దగ్గరున్న స్టూలు మీద కూర్చుంది. తల ఎత్తలేదు. మంగమ్మ ఆమె ముందు నేలమీద కూలబడి, అడగకుండానే చీర కొంచెం పైకి జరిపి, కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది.

"ఎన్నాల్లయినాది?"

"రెండేల్లు."

"మరి సుగరన్నావు."

"అది సెప్తే కూకుంతారు ఒదినా. ఇది సెప్తే లెగిసిపోతారు."

మంగమ్మ గుంట నెమ్మదిగా పూడడం చూస్తూ కూర్చుంది. "నానూ లెగిసిపోయుందును," అంది చివరికి. "నిజం సెప్పాలంటే." ఆగి, పెళ్ళికొడుకు సంగతి అడిగింది. "గుంటడికో?"

"కామేశ్‌కి సేయించినాం. సున్నా పాయింటు తొమ్మిదే. ఆడికేటీ నేదు. అమ్మోరి తోడు."

"తోడొద్దు. కాయితం ఉన్నాదా?"

ఇంతసేపూ ఓర్చుకున్న ప్రమోదినికి కోపం వచ్చింది. చదువుకున్న భాష ఎగిరిపోయింది. "మీకూ కాయితమే కావాలేటండి? మరి ఆ మేనేజరుకీ మీకూ తేడా ఏటున్నాది?"

"ఉన్నాది పిల్లా. ఆడు ఒంటేలుకి కాయితం అడిగినాడు. నాను నా కూతురికి అడగతన్నాను." మంగమ్మ లేచి చీర దులుపుకుంది. "ఆడికి అడిగే అక్కు నేదు. నాకున్నాది. బుదారం నాటికి గుంటడి కాయితం నా కల్లతో సూత్తాను. కొత్తగా సేయించింది, పాతది కాదు. అది బాగుంటే సీరలు కొందుం. బాగోపోతే, అప్పుడు మాటాడుకుందుం."

"బాగుంటాది," అంది పెద్దతల్లి. మొదటిసారి తలెత్తింది. "సూసుకోండి ఒదినా. దాసడానికింకేటీ నేదు నా కాడ."

ప్రమోదిని మేనేజరు దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. "ఫోనివ్వండి."

"మేడమ్, అది నా పర్సనల్..."

"మా అత్త మొహం మీ పర్సనలా?"

ఇచ్చాడు. ఫొటోలు తీసేసింది. తీసేసినవి దాక్కునే ఫోనులోని చెత్తబుట్టలోంచి కూడా తీసేసింది. వాట్సాప్ తెరిచి ఎవరికైనా పంపాడా అని చూసింది. ఒక్కరికి పంపాడు, యజమానికి. అప్పుడు జానకిరామ్ ముందుకి వెళ్ళి చెయ్యి చాపింది.

"మేం చేసేది పబ్లిసిటీ కాదమ్మా. ఈ వ్యాధి గురించి ప్రజలకి తెలియాలని," అన్నాడతను ఫోను ఇస్తూ.

"మాకు తెలుసండి. మా ఇంట్లోనే ఉంది. మీరు చెప్తేగాని తెలియకుండా ఉందా?"

వాళ్ళు మెట్లు దిగుతుంటే పైనుంచి శరత్ చంద్ర గొంతు వినిపించింది. ఎర్రచీర చేత్తో పట్టుకుని రెయిలింగు మీదికి వంగాడు. "మేడమ్, ట్వెంటీ ఫైవ్! మేడమ్!" ఆ అరుపు ఒక్కో అంతస్తూ దిగి, కింద పిల్లల బట్టల దగ్గర చచ్చిపోయింది.

రోడ్డు మీదికి వచ్చేసరికి మంగమ్మ ఫోను మోగింది. భర్త. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకోదు, మొహం ముందు పట్టుకుని అరుస్తుంది.

"ఆ... సీరలేటి, కొన్నేదు. ... ఆ కొట్టా? అది బట్టల కొట్టు కాదు, పొటోల కొట్టు. ... బుదారం ఎల్తాం మల్లీ. ఇంకో కొట్టుకి. ... ఏటి? ఒదినా?"

పెద్దతల్లి కుచ్చిళ్ళు మళ్ళీ ముందుకి లాక్కుంది. తడి లంగా కాళ్ళకి అంటుకుని చల్లగా ఉంది. మంగమ్మ ఆమెని పైనుంచి కిందికి, కిందనుంచి పైకి ఒకసారి చూసింది.

"బాగానే ఉన్నాది. మెట్లెక్కి కాల్లు లాగతన్నాయంట. నువ్వు గొడ్లకి కుడితి పెట్టు ముందు," అని ఫోను కట్టేసింది. వియ్యపురాలి వైపు తిరిగి వేలు చూపించింది. "నీ కోసం అబద్దమాడినాననుకోకు. మా ఆయన ఇన్నాడంటే సాయంత్రానికి ఊరంతా ఇంటాది. బుదారం దాకా ఇది నా కడుపులో ఉంటాది. ఆ తరవాత సంగతి గుంటడి కాయితం సెప్తాది."

పెద్దతల్లి తలూపింది. మందస బస్సుకి ఇంకా ముప్పావు గంట ఉంది. నాలుగడుగులు నడిచి ఆగిపోయింది. పొద్దున్న ఏడింటి మాత్ర ఇంకా తన పని తాను చేస్తూనే ఉంది.

"ఒదినా," అంది ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. "మల్లీ."

మంగమ్మ రోడ్డుకి అటూ ఇటూ చూసింది. రెండువైపులా కొట్లు. అద్దాల తలుపులు, రంగుల బోర్డులు, లోపల ఏసీలు, స్వాగతం అని రాసిన కాళ్ళపట్టాలు. ఎన్ని తలుపులో. ఆమె కొంగు బిగించి నడుంలో దోపుకుంది.

"రా," అని పెద్దతల్లి చెయ్యి పట్టుకుని, పక్కనున్న సెల్‌ఫోన్ల కొట్టు తలుపు భుజంతో తోసింది.